పన్నెండు బొమ్మల్లో హైదరాబాదు

ఊళ్ళు చూసి వచ్చేవారు రెండు రకాలు. చూసినది చెప్పేవారు ఒక రకం, చూపించేవారు మరొక రకం. పూర్వం మన ఇళ్ళలో మొదటి రకం వారే ఎక్కువ. కాశీకి పోయివచ్చిన బామ్మగారు వీధి అరుగుమీద కూర్చుని పది రోజులపాటు కాశీని చెప్పేది. విన్నవారికి గంగలో సగం మునక వేసినట్టే ఉండేది. ఇప్పుడు అందరి జేబుల్లోనూ కెమెరాలు వచ్చాయి. చెప్పే ఓపిక పోయింది. వినే ఓపిక అంతకు ముందే పోయింది. నాలుగు వందల బొమ్మలు తీసి, నాలుగు చూసి, మిగిలినవాటిని మరిచిపోవడం ఈనాటి యాత్రాఫలం.

నాకు ఆ ఇబ్బంది లేదు. నా దగ్గర ఉన్నది మా నాన్నగారి ఆగ్ఫా క్లిక్ త్రీ. ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్ళలో బీరువా పైఅరలో, తోలు సంచిలో, పిల్లలకు అందకుండా కూర్చుని ఉండేదే, ఆ కెమెరా. ఒక రీలు వేస్తే పన్నెండు బొమ్మలు. వెనకవైపు చిన్న ఎర్రని కిటికీలో అంకె కనిపిస్తుంది. పైన ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు. అంతకుమించి మనం చేయవలసిన పని లేదు, చేయడానికి వీలూ లేదు. దూరాన ఉన్నదాన్ని దగ్గరకు లాగదు. పరుగెత్తేదాన్ని పట్టుకోదు. మరీ దగ్గరకు పోతే మసక. చదువు తక్కువైనా నిజాయితీ గల మనిషివంటిది.

2024 డిసెంబరులో సెలవులు చూసుకుని ఖమ్మం నుంచి హైదరాబాదు బయలుదేరాము - నేను, మా ఆవిడ, పదో తరగతి చదివే మా అమ్మాయి. మా ఆవిడ పులిహోర డబ్బా తెచ్చింది, మా అమ్మాయి తన ఫోను తెచ్చింది, నేను పన్నెండు బొమ్మల రీలుతోపాటు ఒక చీటీ తెచ్చాను. ఆ చీటీ మా అమ్మ చెబుతుంటే నేను రాసుకున్నది.

మా అమ్మ పుట్టి పెరిగింది హైదరాబాదులోనే, సుల్తాన్ బజారు పక్క సందులో. కోఠీ మహిళా కళాశాలలో బి.ఏ. చదివింది. పెళ్ళయి ఖమ్మం వచ్చింది. ఇప్పుడామెకు డెబ్బై ఎనిమిది. మోకాళ్ళు సహకరించవు, గుండె డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు. ఇక హైదరాబాదు చూసేది లేదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఎవరమూ పైకి అనము. "నువ్వెట్లాగూ పోతున్నావు గదా నాయనా, ఇవి తీసుకురా" అని చీటీ చెప్పింది. పెద్ద తాబేలు, రాణి ఏనుగు, మొసలి, చార్మినారు, మూసీ ఒడ్డు చింతచెట్టు, కాలేజీ సింహాలు, తాతయ్య లైబ్రరీ. "మీ అమ్మాయి ఫోనులో చూపిస్తే నాకు కనిపించదు. కాగితం మీద కావాలి" అన్నది.

జంతువుల దర్బారు

నెహ్రూ జంతు ప్రదర్శనశాలను 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరిచారు. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల విశాలమైన తోట. అంతకుముందు నగరంలో జంతువులుండేది నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో. బాగే ఆమ్ అనేవారు దాన్ని. మా అమ్మ చిన్నతనంలో తాతయ్య చిటికెనవేలు పట్టుకుని ఆదివారాలు వెళ్ళింది అక్కడికే. కొత్త తోట తయారయిన తరువాత జంతువులు ఇల్లు మారాయి. ఆ మారిన వాటిలో పెద్ద తాబేలు ఉన్నది, రాణి ఏనుగు ఉన్నది.

ఇక్కడి ఏర్పాటు చూడముచ్చటైనది. పెద్ద జంతువులు చాలామటుకు ఇనుప ఊచల వెనక ఉండవు. మనకూ వాటికీ నడుమ లోతైన కందకం ఉంటుంది. చూసేవారికి పులి ఎదురుగా అడవిలో తిరుగుతున్నట్టే ఉంటుంది. కంటికి ఇది వరమే గాని నా క్లిక్ త్రీకి శాపం. కందకం అవతలి పులి నా కిటికీలో అగ్గిపుల్లంత కనిపించింది. మా అమ్మాయి తన ఫోనుతో దాని మీసాలు కూడా లెక్కపెట్టింది. నేను పులిని కళ్ళారా చూసి ఊరుకున్నాను. పన్నెండింటిలో ఒకటి అగ్గిపుల్లకు ఖర్చుపెట్టడం భావ్యం కాదు.

ఇట్లాంటి కెమెరా పట్టుకుని జంతువుల దగ్గరకు పోయేవారు ముందుగా వాటి స్వభావం తెలుసుకోవాలి. కోతి దండగ. జింక మనం మీట నొక్కే లోపల చెవి విదిలిస్తుంది. చెవి రెండుగా పడుతుంది. ఖడ్గమృగం మేలు, నీటిగుర్రం మరీ మేలు, నీళ్ళలోంచి తల ఎత్తే క్షణం కోసం కాచుకోవాలి, అంతే. అన్నిటికన్నా ఉత్తమం మొసలి. ఎండలో నోరు తెరుచుకుని పది నిమిషాలు అట్లాగే ఉన్నది. పెళ్ళి ఫోటోలలో సైతం అంత సహకరించే మనిషి నాకింతవరకు తటస్థపడలేదు. నోరు తెరవడం ఆకలికి కాదు, ఒంటి వేడిని తగ్గించుకోవడానికి అని మా అమ్మాయి నాకు పాఠం చెప్పింది. మొదటి బొమ్మ మొసలిది.

తరువాత తాబేలు దగ్గరకు పోయినాము. మా ఆల్బంలో ఒక పాత బొమ్మ ఉన్నది. 1986లో మా నాన్నగారు ఇదే కెమెరాతో తీసినది. ఆరేళ్ళ నేను నిక్కరు వేసుకుని, చేతిలో మరమరాల పొట్లంతో నిలబడ్డాను. వెనకాల బండరాయిలాగా ఆ తాబేలు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కనుక క్షీరసాగరం చిలికినప్పుడు మందరాన్ని మోసిన కూర్మం గుర్తుకు రావడం సహజమే గాని, ఆరేళ్ళ వయస్సులో నాకు అది మా తాతయ్య నిద్రపోతున్నట్టే అనిపించింది.

అక్కడ ఊడుస్తున్న ఉద్యోగిని అడిగాను. "అది పోయింది సార్, మొన్న మార్చిలో. నూటిరవై అయిదేండ్లు" అన్నాడు. చీపురు గోడకు ఆనించి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "పది దినాలు ముట్టలే తిండి. డాక్టర్లంతా ఈడనే ఉన్నరు. ఇంగో, ఇది దానికంటే చిన్నది. తొంభై దాటింది" అని లోపల మెడ ముడుచుకుని ఉన్న మరొకదాన్ని చూపించాడు. తొంభై దాటినదాన్ని చిన్నది అనే చోటు లోకంలో అది ఒక్కటే కాబోలు. ఆకుకూర కట్ట చూపిస్తే తల బయటకు వచ్చింది, ఎంత నెమ్మదిగానంటే నా కెమెరాకు ఎక్కడా తొందర కలగలేదు. రెండవ బొమ్మ.

"రాణి?" అని అడిగాను.

"రాణి కూడా పోయింది సార్. 2021ల."

నిజమే. రాణి 2021 జూన్‌లో, 83 ఏళ్ళ వయస్సులో పోయింది. పాతబస్తీలో బోనాల ఊరేగింపులోనూ, మొహర్రం నాటి బీబీ కా ఆలం ఊరేగింపులోనూ నడిచిన ఏనుగు అది. రెండు మతాల పండుగలకూ ఒకే అంబారీ. ఆ సంవత్సరమే ఈ జూలోని ఎనిమిది సింహాలకు కరోనా సోకిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. దేశంలో జంతువులకు సోకడం అదే మొదలు. అవి కోలుకున్నాయి. మనుషుల దుఃఖంలో మునిగి ఉన్న ఆ నెలల్లో ఒక ముసలి ఏనుగు పోవడం మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

మిగిలిన ఏనుగులలో ఒకటి దుమ్ము ఎత్తి వీపుమీద పోసుకుంటున్నది. మూడవ బొమ్మ దానిది. దుమ్ము తెరలాగా పడి ఏనుగు సగమే కనిపించింది. ఎందుకోగాని అది నాకు తప్పుగా తోచలేదు.

పులి, నవాబు, ఫోటోగ్రాఫరు

హైదరాబాదులో ఫోటో అనగానే రాజా దీన్ దయాళ్ పేరు చెప్పకుండా ముందుకు పోలేము. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టి, చివరకు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో స్థిరపడ్డాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, అక్కడ బొమ్మలు తీసే పనిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చాడు. 1905లో కన్నుమూశాడు. గాజు పలకలమీద బొమ్మలు తీసిన కాలమది. బండెడు సామాను వెంట పోవాలి.

నిజాం వేటకు పోయినప్పుడు కూడా దీన్ దయాళ్ వెంట పోయేవాడు. ఆ బొమ్మలలో పులి ఉంటుంది, కదలకుండా ఉంటుంది. ఎందుకంటే అది చచ్చి ఉంటుంది. పక్కన తుపాకులు, చుట్టూ టోపీలు. ఆనాటి ఫోటోగ్రాఫరు ముందు జంతువు కదలకుండా ఉండడానికి అదొక్కటే మార్గమని కాదు, ఆనాటి దొరతనానికి అదొక అలంకారం. నూరేళ్ళ తరువాత అదే నగరంలో మామూలు గుమాస్తాల పిల్లలు టిక్కెట్టు కొనుక్కుని బతికి ఉన్న పులి ముందు నిలబడి పేలాలు తింటున్నారు. చరిత్ర ముందుకు పోలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

జూకు ఆనుకునే ఉన్న మీర్ ఆలం చెరువు కట్ట చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, హైదరాబాదు దివానుగా ఉన్న మీర్ ఆలం పేర కట్టినది. ఇరవై ఒక్క కమానులు. అయితే అవి ద్వారాల మాదిరి నిలబడి ఉండవు. పక్కకు పడుకోబెట్టినట్టుగా, కడుపు నీళ్ళవైపుకు పెట్టి వరసగా ఉంటాయి. నీరు ఎంత నెడితే ఆ బరువు అంతా కమాను వంపు వెంట జారి ఇరుపక్కల స్తంభాలలోకి పోతుంది. రెండు వందల ఏళ్ళు దాటినా నిలిచి ఉన్నది. ఒకప్పుడు పాతనగరం తాగింది ఈ నీళ్ళే. నాలుగవ బొమ్మ.

నగరం తన ముఖం చూసుకునే వేళ

మరునాడు తెల్లవారకముందే చార్మినారు చేరాము. బొమ్మ తీయాలనుకునేవారు ఆరు, ఏడు గంటల మధ్యనే పోవాలి. అప్పుడు గుల్జారు హౌజు వైపు నుంచి చూస్తే, జనం లేని వీధి చివర నాలుగు మీనారులు ఇంకా నిద్ర తీరనట్టు ఉంటాయి. పావురాలు లేస్తాయి, ఇరానీ హోటలు కొలిమి రాజుకుంటుంది, ఉస్మానియా బిస్కట్ల వాసన వస్తుంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినది. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం 1889 నాటివి. రాతితోను, సున్నపు గచ్చుతోను కట్టిన నిర్మాణం. ఆ నగిషీలన్నీ గచ్చుపనే. 2019 మే నెలలో ఒక మీనారు మీది గచ్చు పెళ్ళ ఊడి కిందపడింది. తరువాత బాగుచేశారు. అయినా నాలుగు వందల ఏళ్ళ ముసలితనం ఉన్నదని ఆ పెళ్ళ అందరికీ గుర్తుచేసింది. అయిదు, ఆరు బొమ్మలు ఇక్కడ పోయినాయి. ఒకటి కట్టడానికి, మరొకటి లాడ్ బజారులో లక్క కరిగించి గాజుకు రాళ్ళు అద్దుతున్న ఒక పెద్దాయన చేతులకు.

అక్కడి నుంచి మూసీ ఒడ్డుకు వచ్చాము. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు సుమారు నూటయాభై మంది ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారని ప్రసిద్ధి. ఆ వరదలో వేలమంది పోయినారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, బిడ్డనూ పోగొట్టుకున్నాడు. ఆ విపత్తు తరువాతనే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు ఆయన ఆలోచన ఫలితాలే. చెట్టు కింద రోగుల బంధువులు పొట్లాలు విప్పుకుని భోంచేస్తున్నారు. నూటయాభై మందిని మోసిన చెట్టు, ఇప్పుడు నీడ మాత్రం ఇస్తున్నది. ఏడవ బొమ్మ.

ఎనిమిదవది నదికి అవతలి హైకోర్టు. ఎర్రరాయి, తెల్లరాయి కలిపి విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసినది. ఉస్మానియా ఆసుపత్రి కూడా ఆయనదే. నదికి ఒక ఒడ్డున న్యాయం, మరొక ఒడ్డున వైద్యం. ఇప్పుడు రెండూ ఇల్లు మారే దశలో ఉన్నాయి. ఆసుపత్రి పాతభవనాన్ని 2020 వానలకు నీరు చేరిన తరువాత ఖాళీ చేశారు. కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో రాజేంద్రనగరు దగ్గర శంకుస్థాపన చేశారు. జంతువులు బాగే ఆమ్ నుంచి మారినట్టు మనుషులూ మారుతారు. వెనక మిగిలిన కట్టడాలను ఎవరు చూసుకుంటారన్నదే ప్రశ్న.

కోఠీ సింహాలు

నేను జూలో సింహానికి బొమ్మ ఖర్చుపెట్టలేదు. కారణం, కోఠీలో రెండు సింహాలు నాకోసం ఎదురుచూస్తున్నాయి. బ్రిటిష్ రెసిడెన్సీ మెట్లకు చెరి ఒక పక్క కూర్చున్న రాతి సింహాలవి.

రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ కట్టించిన ఈ భవనానికి ఎత్తయిన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, లండను దొరల ఇళ్ళ ఠీవి అన్నీ ఉన్నాయి. ఆయన హైదరాబాదు ఉన్నత కుటుంబపు కన్య ఖైరున్నిసాను పెళ్ళాడి, ఆమె కోసం వెనక తోటలో రంగమహలు అనే అంతఃపురం కట్టించాడు. ఆ రంగమహలు ఇప్పుడు లేదు. ఒక కథ మాత్రం మిగిలింది. ఆమె ఘోషాలో ఉండేది గనుక తన భర్త కట్టించిన భవనాన్ని ముందువైపు నుంచి చూడడానికి వీలులేకపోయిందట. అందుకని ఆయన అచ్చం ఆ భవనంలాంటి చిన్న నమూనాను ఆమె తోటలో చేయించి పెట్టాడట. బయటకు రాలేని మనిషికి బయటిదాన్ని చిన్నది చేసి ఇంట్లోకి తెచ్చి ఇచ్చాడన్నమాట. ఫోటో చేసే పని ఇంతే గదా అనిపించింది నాకు.

1949 నుంచి ఇక్కడ మహిళా కళాశాల నడిచింది. 2022లో అది విశ్వవిద్యాలయమయింది. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఘోషా స్త్రీ చూడలేకపోయిన మెట్లమీద మా అమ్మతరం అమ్మాయిలు కూర్చుని వేరుశనగకాయలు వొలుచుకున్నారు. గేటు దగ్గర అనుమతి అడిగి లోపలికి పోయినాము. తొమ్మిదవ బొమ్మ మొత్తం ముందుభాగానికి. పదవది ఎడమవైపు సింహానికి, పదకొండవది కుడివైపు సింహం పక్కన కూర్చున్న మా అమ్మాయికి. పొట్లం లేదని వెలితి పడకుండా మా ఆవిడ దాని చేతిలో పులిహోర డబ్బా పెట్టింది.

మిగిలింది ఒక్కటి. సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ముందు నిలబడ్డాను. 1901లో, నగరంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజుల్లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు స్థాపించిన గ్రంథాలయం. ఆ రాజ్యంలో తెలుగు చదువుకు అదొక దీపం. మా తాతయ్య సాయంత్రాలు అమ్మను ఇక్కడికే తీసుకువచ్చి, తాను పత్రిక చదువుతూ ఆమె చేతికి బొమ్మల పుస్తకం ఇచ్చేవాడట. ఇప్పుడు బజారు మీదుగా మెట్రో రైలు పోతున్నది. నా కెమెరాలో భవనం, జనం, పండ్లబండి అన్నీ పట్టాయి. పన్నెండు పూర్తయింది.

రీలు కడిగించి, బొమ్మలు కాస్త పెద్దవిగా వేయించి ఖమ్మంలో అమ్మ చేతిలో పెట్టాను. ఒక్కొక్కటి కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసింది. తాబేలు సంగతి, రాణి సంగతి చెప్పక తప్పలేదు. "ఎనభై మూడా? నాకంటే పెద్దదే. బాగానే బతికింది" అని, కాసేపాగి, "బాగే ఆమ్‌లో దానికి చెరుకుముక్క ఇచ్చానురా, నా చెయ్యి మొత్తం తడిచేసింది" అన్నది. సింహం పక్కన మనుమరాలి బొమ్మ మాత్రం తిరిగి ఇవ్వలేదు; భాగవతంలో పెట్టుకున్నది.

పోదలుచుకున్న వారికి రెండు మాటలు. జూకు సోమవారం సెలవు. ఎండ ముదరకముందే పోవాలి. మధ్యాహ్నం పులులూ నిద్రపోతాయి, పిల్లలూ పేచీ పెడతారు. కెమెరాకు వేరే రుసుము అడగవచ్చు, చిల్లర దగ్గర పెట్టుకోండి. కోఠీ భవనం చదువుకునే చోటు. పోయే ముందు అనుమతి కనుక్కోండి. ఎంత మంచి ఫోను ఉన్నా సరే, పన్నెండుకు మించి తీయకూడదని ఒక్కరోజు నియమం పెట్టుకుని చూడండి. ప్రతి మీట నొక్కే ముందు ఇది ఎవరి కోసం అని అడుగుకోవలసి వస్తుంది. ఆ ఎవరో ఇంట్లో ఎదురుచూస్తూ ఉంటే, తొందరగా పోయిరండి. తాబేళ్ళు కూడా ఎల్లకాలం ఉండవు.